నాటకాలాడే పిల్లలు

తెలుగువాళ్ళకి నాటకమంటే ఎంత ఇష్టమో చెప్పడానికి చాలా పుస్తకాలున్నాయి. ఎంత అనుమానమో చెప్పడానికి మాత్రం మన భాష ఒక్కటీ చాలు. అబద్ధమాడేవాడిని "పాటలు పాడకు" అనం, "బొమ్మలు గియ్యకు" అనం. "నాటకాలాడకు" అంటాం. "వేషాలెయ్యకు" అంటాం, "డ్రామాలు చెయ్యకు" అంటాం, "యాక్షన్ తగ్గించు" అంటాం. "కథలు చెప్పకు" అని కూడా అంటాం గానీ అందులో కాస్త ముద్దుంటుంది, కథలు చెప్పే పిల్లాడిని సగం క్షమించేసినట్టే. వేషాలేసే పిల్లాడిని మాత్రం ఓ కంట కనిపెట్టి ఉండాలి. మా శ్రీకాకుళం వైపు ఇదే మాట "ఏటా ఏసాలు?" అని ఒక్క ఊపులో వస్తుంది. దాని వెనకే చెయ్యో చీపురో కూడా వస్తుంది.

మరి నిజంగానే వేషాలేస్తూ పెరిగిన పిల్లల సంగతేమిటి? పదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా, అంటే మనిషి ఎవరో తేలే వయసంతా, ఇంకో మనిషిగా నిలబడటం నేర్చుకుంటూ గడిపినవాళ్ళు ఏమవుతారు? అబద్ధానికి అలవాటు పడతారా? లేకపోతే ఇంకేదైనా జరుగుతుందా? నాకిది సరదా ప్రశ్న కాదు. ఆ ఎనిమిదేళ్ళూ నేను నౌపడలో ఒక కుర్రాళ్ళ నాటక సమాజంలో ఉన్నాను.

ప్రశ్న పాతదే. ప్లూటార్క్ ఒక కథ చెప్తాడు. ఏథెన్సులో థెస్పిస్ అనే ఆయన కొత్తగా నాటకాలాడుతున్న రోజుల్లో ముసలి సోలోన్ చూడ్డానికి వెళ్ళాడట. సోలోన్ అంటే ఆ ఊరికి చట్టాలు రాసిపెట్టినవాడు. ఆట అయిపోయాక థెస్పిస్‌ని పిలిచి, ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలాడటానికి సిగ్గు లేదా అని అడిగాడు. ఆటలోనే కదా, తప్పేముంది అన్నాడు థెస్పిస్. సోలోన్ చేతికర్రని నేలకేసి కొట్టి, ఈ ఆటని ఇలా మెచ్చుకుంటూ పోతే రేపు మన ఒప్పందపత్రాల్లో కూడా ఇదే కనబడుతుంది అన్నాడట.

"ఏటా ఏసాలు" అనే మా మామ్మా, చట్టాలు రాసిన సోలోనూ ఒకే మాట అంటున్నారు. ఆట ఆటలోనే ఉండిపోదు, గట్టు తెంపుకుని బయటికొస్తుంది, ఇంట్లోకీ బజార్లోకీ వస్తుంది అని వాళ్ళ భయం. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. నాటకం మీద ప్రేమ ఉన్నవాళ్ళు సాధారణంగా ఇక్కడ "కళ అబద్ధం కాదు, నిజాన్ని చూపించే అద్దం" లాంటి మాట ఒకటి వేసి దాటిపోతారు. అద్దం ముందు గంటసేపు కూర్చుని మొహానికి రంగు పూసుకున్నవాడికి ఆ మాట అంత సులువుగా మింగుడుపడదు.

నౌపడ పెద్ద ఊరు కాదు. హౌరా–చెన్నై లైన్లో వెళ్తున్నప్పుడు కిటికీలోంచి తెల్లగా ఉప్పు మడులు కనబడితే అది మా ఊరే. మా స్టేషన్ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా చిన్న రైలు వెళ్ళేది. పర్లాకిమిడి రాజావారి పుణ్యమా అని 1900లో మొదలైన లైను, 2004 దాకా నేరోగేజీ మీదే నడిచింది. ఆ రైల్లో హార్మోనియం పెట్టె, తెరల చుట్ట, కిరీటాల ట్రంకు పెట్టె వేసుకుని ఒడిశాలోని తెలుగు ఊళ్ళకి కూడా వెళ్ళి ఆడొచ్చేవాళ్ళం. పర్లాకిమిడి 1936లో ఒడిశాలోకి వెళ్ళిపోయింది గానీ, అక్కడి జనానికి పద్యం మీదున్న మోజు ఎక్కడికీ వెళ్ళలేదు.

మా సమాజం పేరు ఇక్కడ అక్కర్లేదు. అలాంటివి ఆ రోజుల్లో టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఊరికొకటి ఉండేవి. పెద్దవాళ్ళు పద్యనాటకాలాడేవాళ్ళు. మేం పిల్లలం ఆ సమాజానికి తోక. మా అంతట మేం పరిషత్తు పోటీలకి సాంఘిక నాటికలు ఆడేవాళ్ళం. పెద్దవాళ్ళ నాటకంలో పిల్లల వేషముంటే మాలో ఒకణ్ణి తీసుకునేవాళ్ళు. మిగతావాళ్ళం తెరలు లాగడం, టీలు మొయ్యడం, కాపీ పట్టుకుని తెర పక్కన నిలబడి అందించడం. అమ్మాయిలు కూడా ఉండేవాళ్ళు, పన్నెండేళ్ళ దాకా. ఆ తర్వాత మానేసేవాళ్ళు. మానిపించేవాళ్ళు అనాలి. రేకుల షెడ్డులో రిహార్సలు. హార్మోనియం దగ్గర మేస్టారు. ఉప్పుగాలికి హార్మోనియం రీడ్లు పాడవుతాయని దాన్ని దుప్పట్లో చుట్టి పసిపిల్లాడిలా ఎత్తుకునేవాడు. మమ్మల్నెప్పుడూ అంత జాగ్రత్తగా చూసినట్టు గుర్తు లేదు.

పద్యనాటకంలో పిల్లల వేషమంటే మా వైపు ముందు గుర్తొచ్చేది లోహితాస్యుడు. సత్యహరిశ్చంద్ర నాటకాన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1912లో రాశారు. కథ తెలిసిందే. విశ్వామిత్రుడికి ఇచ్చిన మాట కోసం హరిశ్చంద్రుడు రాజ్యం వదులుకుంటాడు, అప్పు తీర్చడానికి కాశీలో భార్యనీ కొడుకునీ అమ్ముతాడు, తనూ అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. కొడుకు పాము కరిచి చచ్చిపోతాడు. తల్లి శవాన్ని మోసుకుని కాటికి వస్తుంది. కాటిసుంకం కట్టందే కాల్చనివ్వనంటాడు కాపరి. మా ఊళ్ళలో ఈ నాటకాన్ని కాంట్రాక్టు మీద ఆడేటప్పుడు హరిశ్చంద్రుడు ఒక్కడు కాదు, ఇద్దరో ముగ్గురో. దర్బారుకి ఒకాయన, వారణాసికి ఒకాయన, కాటి సీనుకి అన్నిటికంటే పేరున్న ఇంకొకాయన. ఒకే మనిషికి మూడు గొంతులు, మూడు పొట్టలు, జనానికి ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. లోహితాస్యుడు మాత్రం రాత్రంతా ఒక్కడే.

ఆ వేషం నాకు పదో ఏట వచ్చింది, రెండేళ్ళు వేశాను. చూసేవాళ్ళకి తెలియంది ఏమిటంటే, లోహితాస్యుడి వేషంలో కష్టమైన భాగం పద్యం కాదు, చచ్చిపోయి ఉండటం. తెల్లవారుజామున మూడింటికి కాటి సీను మొదలవుతుంది. చంద్రమతి ఒళ్ళో ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి. మీద దీపాల వేడి, దీపాలకి వచ్చే పురుగులు, దోమలు. గుండెతో కాకుండా పొట్టతో, అదీ చీర కొంగు కిందికి వచ్చేలా చూసుకుని, సన్నగా ఊపిరి తీసుకోవాలి. ముక్కు దురద పెడితే పెట్టనివ్వాలి. నిద్రపోకూడదు. నిద్రపోతే శవం తెలిసిపోతుంది. నిద్రపోయే పిల్లాడు కదులుతాడు, చచ్చిపోయిన పిల్లాడు కదలడు, తేడా చివరి వరసలో కూర్చున్న ముసలమ్మక్కూడా తెలుసు.

అలా పడుకుని, కళ్ళు మూసుకుని, నా కోసం ఒకావిడ ఏడవడం వినేవాణ్ణి. ఆవిడ మా ఊరావిడ కాదు. పట్నం నుంచి కాంట్రాక్టు మీద వచ్చే నటి, మేమంతా చంద్రమతమ్మ అనే పిలిచేవాళ్ళం. సీజన్లో వరసగా మూడేసి రాత్రులు మూడు ఊళ్ళలో అదే ఏడుపు ఏడ్చేది. ఆవిడ కన్నీళ్ళు నా చెంపల మీద పడేవి. వెచ్చగా ఉండేవి, గ్లిజరిన్ కాదు. రాగం ఎత్తుకుని, పద్యం సాగదీసి, జనం ముక్కులు చీదుకుంటున్న నడి మధ్యలో, పెదాలు కదపకుండా నా చెవిలో "కాలు కదపకు నాన్నా" అనేది. వెంటనే మళ్ళీ ఏడుపు, ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే.

దీన్ని ఏమనాలి? సోలోన్ అయితే అబద్ధమంటాడు. దిదెరో అనే ఫ్రెంచాయన నటన గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు, ఆయన పోయిన చాన్నాళ్ళకి 1830లో అచ్చయింది. గొప్ప నటుడు అనుభూతి పొందడు, అనుభూతి గుర్తుల్ని తు.చ. తప్పకుండా చూపిస్తాడు, లోపల చల్లగా ఉన్నవాడే బయట మంట పెట్టగలడు అని ఆయన వాదన. ఆయన చంద్రమతమ్మని చూసుంటే "కాలు కదపకు" అన్న మాటని తన వాదనకి సాక్ష్యంగా రాసుకునేవాడు. కానీ ఆయన ఆవిడ ఒళ్ళో పడుకోలేదు. నేను పడుకున్నాను. ఏడ్చే మనిషి పొట్ట ఎలా అదురుతుందో నా వీపుకి తెలుసు. ఆవిడ ఏడుపూ నిజమే, నా కాలి మీద ఆవిడ కన్నూ నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలన్నది మనం పెట్టుకున్న నియమం. అమ్మలు రోజూ చేసేది ఇదే కదా. ఆస్పత్రిలో బిడ్డ పక్కన ఏడుస్తూ సెలైన్ సీసాలో ఎంత మిగిలిందో చూసుకుంటూ ఉండే తల్లిని ఎవరూ నటిస్తోందనరు. మనసు ఒకే గది ఉన్న ఇల్లు కాదని నాకు పదేళ్ళకే తెలిసింది, ఎవరూ చెప్పకుండానే, వీపు ద్వారా.

సోలోన్‌కి ఎదురు నిలబడే సాక్షి ఒకాయనున్నాడు, గాంధీ. చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, ఎన్నిసార్లు చూసినా తనివి తీరక, తనలో తానే ఆ నాటకాన్ని లెక్కలేనన్ని సార్లు ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకుండకూడదని తనని తాను అడిగేవాడట. అంటే ఇరవయ్యో శతాబ్దంలో సత్యం అన్న మాటని అందరికంటే పట్టుదలగా పట్టుకున్న మనిషికి ఆ మాట ఒక వేషం నుంచి వచ్చింది. రంగు పూసుకున్న ఒకడు, తనది కాని పేరుతో, తనవి కాని మాటలు చెప్తుంటే చూసి ఆ పిల్లాడు నిజం నేర్చుకున్నాడు. ఇంకా ముఖ్యంగా, అతను చూసి ఊరుకోలేదు, లోపల ఆడాడు. వేషం వేసుకుని చూడకపోతే ఒక మంచి గుణం మనకి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? చొక్కా కూడా తొడుక్కుని చూసే కొంటాం.

ఇక్కడితో ఆపేస్తే నాటకం గెలిచినట్టే. కానీ హరిశ్చంద్రుడి కథని హరిశ్చంద్రుడి వైపు నుంచి కాక ఒళ్ళో పడుకున్న పిల్లాడి వైపు నుంచి చూస్తే వేరేగా ఉంటుంది. మాట ఇచ్చింది తండ్రి. నిలబెట్టుకున్నదీ తండ్రే, కీర్తీ తండ్రిదే. అమ్ముడుపోయింది, దర్భలకెళ్ళి పాము కాటు తిన్నది పిల్లాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. అడిగినా వాడు "సరే నాన్నా" అనేవాడు, ఆ వయసులో నాన్నని కాదనడానికి కావలసిన మాటలు ఉండవు. చివర్లో దేవతలొచ్చి బతికిస్తారు కాబట్టి లెక్క సరిపోయిందనుకుంటాం. సత్యం కోసం నేను కష్టపడతాననడం వేరు, నా సత్యం కోసం నా బిడ్డ కష్టపడతాడనడం వేరు. నాటకం ఈ రెండిటినీ ఒకే పద్యంలో కలిపేసి, మన చేత చప్పట్లు కొట్టిస్తుంది.

నాటక సమాజంలో పిల్లలు కూడా కొంత లోహితాస్యుళ్ళే. కళ కోసం, సమాజం పేరు కోసం, మేస్టారి మాట కోసం రాత్రి మూడింటి దాకా మేలుకున్నది మేము, పొద్దున్న బళ్ళో బెంచీ మీద పడి నిద్రపోయిందీ మేమే. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో సినిమాల్లో, సీరియళ్ళలో, అలాంటి వినోదాల్లో పిల్లలు నటించొచ్చని, చదువు చెడకూడదని రాశారు. తర్వాత వచ్చిన నియమాల్లో రోజుకి ఐదు గంటలు మించకూడదు, మూడు గంటలకోసారి విరామం ఉండాలి, సంపాదనలో ఐదో వంతు పిల్లాడి పేర బ్యాంకులో వెయ్యాలి అని ఉంది. మంచిదే. మాకు ఇచ్చే ఐదు రూపాయల్లో ఐదో వంతంటే రూపాయి. కానీ పని గంటల సంగతి చట్టం చూసుకుంటుంది గానీ, నేనడుగుతున్నది పని గంటల సంగతి కాదు.

సురభి వాళ్ళని తీసుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సమాజం, తరతరాలుగా కుటుంబాలకి కుటుంబాలే నాటకాలాడుతున్నాయి. మన తొలి టాకీ భక్తప్రహ్లాదలో నటించిన సురభి కమలాబాయి తల్లి నాటకం ఆడుతుండగా రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. ఆ పిల్లలకి "నటిస్తావా?" అన్న ప్రశ్న ఎప్పుడు అడిగి ఉంటారు? అడిగే వీలుందా అసలు? రైతు ఇంట్లో పుట్టినవాడికి చేను ఎలాగో వాళ్ళకి తెర అలాగ. దీన్ని దౌర్జన్యమనడానికి నాకు నోరు రాదు, స్వేచ్ఛ అనడానికీ రాదు. పట్నంలో ఆరో తరగతి నుంచీ ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చోబెట్టి నిద్ర లేకుండా చేస్తున్న పిల్లల్ని కూడా ఎవరూ అడగడం లేదు, వాళ్ళ కోసం ఏ చంద్రమతీ ఏడవడం లేదు. అడక్కుండా ఏదో ఒకటి ఇవ్వకపోతే పెంపకమే లేదు. అడక్కుండా ఇచ్చిందాన్ని పెద్దయ్యాక తిరిగిచ్చేసే దారి తెరిచి ఉందా అన్నది మాత్రం అడగొచ్చు. మాలో చాలామంది తిరిగిచ్చేశారు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ మేరకి మా సమాజం మంచిదే.

తిరిగిచ్చెయ్యలేనివి కూడా కొన్ని ఉన్నాయి. ప్లేటో భయపడింది వాటి గురించే. రిపబ్లిక్ మూడో భాగంలో ఆయన, చిన్నప్పటి నుంచి చేసిన అనుకరణ ఒంట్లో, గొంతులో, ఆలోచనలో అలవాటై స్వభావంగా మారిపోతుందని, అందుకే నగరాన్ని కాపాడాల్సిన పిల్లల చేత బానిసల వేషాలూ ఏడ్చే ఆడవాళ్ళ వేషాలూ వేయించొద్దనీ అంటాడు. ఆ బానిసల మాట, ఆడవాళ్ళ మాట పక్కన పెట్టండి, అది ఆయన కాలం, ఆయన అహంకారం. గొంతు గురించి చెప్పింది మాత్రం అక్షరాలా నిజం.

మా నాటికల్లో ఒక నియమం ఉండేది. ఎవరూ రాయలేదు గానీ అందరికీ తెలుసు. హీరో కృష్ణా గుంటూరు తెలుగు మాట్లాడతాడు. తండ్రి, డాక్టరు, కలెక్టరు కూడా అదే. పనివాడు, తాగుబోతు, చాదస్తపు ముసలమ్మ మాత్రం మా భాష మాట్లాడతారు. "ఏటి సేస్తన్నావు" అనగానే నవ్వు. మొదటి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వేది ఎవరనుకుంటున్నారు? ఇంటికెళ్ళి "ఏటి సేస్తన్నావు" అనేవాళ్ళే. ఒక పరిషత్తులో న్యాయనిర్ణేత మా నాటికకి వాచికంలో మార్కులు కోసి, యాస దొర్లింది, సరిచేసుకోవాలన్నాడు. అప్పట్నుంచి రిహార్సల్లో "ఏటి" అన్నవాడికి మొట్టికాయ. ఏడాది తిరిగేసరికి మేం ఎంత సరయిపోయామంటే, మాలో ఒకడు ఇంట్లో అన్నం దగ్గర "ఇంకొంచెం వడ్డించమ్మా" అన్నాడట. వాళ్ళమ్మ గరిటె పట్టుకుని కాసేపు వాణ్ణే చూసి "ఎవులబ్బాయివి బాబూ నువ్వు" అందట. దాన్ని మేం జోకుగా చాలాసార్లు చెప్పుకున్నాం. ఆవిడ జోకుగా అందో లేదో నాకిప్పటికీ తెలీదు.

విచిత్రమేమిటంటే, ఇదంతా జరిగింది మా పక్కనే ఉన్న విజయనగరంలో కన్యాశుల్కం పుట్టిన వందేళ్ళకి. 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకంలో మనుషులు ఎవరి తెలుగు వాళ్ళు మాట్లాడతారు. గిరీశానికి ఒక నాలుక, మధురవాణికి ఇంకో నాలుక, అగ్నిహోత్రావధాన్లుకి వేరే. అందరిదీ ఈ ప్రాంతపు తెలుగే. ఎవరి భాషా కేవలం ఎగతాళి కోసం లేదు, ఎవరి భాషకీ ఎగతాళి నుంచి మినహాయింపూ లేదు. గురజాడ నవ్విస్తే ఆ నవ్వు మనిషి మీదకి పోతుంది, వాడు పుట్టిన దిక్కు మీదకి పోదు. ఈ తేడా మా పరిషత్తులకి ఎందుకు పట్టలేదో, తర్వాత సినిమాలకి ఎందుకు పట్టలేదో నాకు అర్థం కాదు. వేషం వెయ్యడం వల్ల పిల్లలు అబద్ధాలకోరులవుతారని మామ్మ భయపడింది. మాకు జరిగింది అది కాదు. వేషం దగ్గర నేర్చుకున్న గొంతు నిజమైందనీ, అమ్మ దగ్గర నేర్చుకున్నది వేషమనీ అనిపించడం మొదలైంది. ఆ రెండిటినీ తిరిగి తిన్నగా పెట్టుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం కూడా, చూస్తున్నారుగా, హీరో తెలుగులోనే రాస్తున్నాను.

ఇక వీరబాహుడి సంగతి. కాశీలో హరిశ్చంద్రుణ్ణి కొనుక్కున్న కాటి యజమాని వీరబాహుడు. ఒంటికి మసి పూసుకుని, కల్లు ముంత పట్టుకుని వస్తాడు. రాజు కాటికాపరి అయితే అది త్యాగం, జనం ఏడుస్తారు. తరతరాలుగా కాటికాపరిగా ఉన్నవాడు వస్తే జనం నవ్వుతారు. ఒకే పని, ఒకే కాడు. మా సమాజంలో ఆ వేషం ఎప్పుడూ ఒకడికే వెళ్ళేది. నాకంటే ఐదేళ్ళు పెద్ద. వాడి ఇల్లు పేటలో. పేట అంటే ఏ పేటో మా ఊళ్ళో అడగక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు ఉప్పు మడుల్లో పనికెళ్ళేవాళ్ళు. సమాజం మొత్తంలో గొంతు వాడిదే. "ఇక్కడ అందరూ ఒకటేరా, కళామతల్లి బిడ్డలం" అని మేస్టారు తరచూ అనేవాడు, నిజంగా నమ్మే అనేవాడు. ఒకే పళ్ళెంలో రంగు కలుపుకునేవాళ్ళం, అది కూడా నిజమే. వేషాలు పంచేటప్పుడు మాత్రం పళ్ళెం మారేది.

కాటి సీనులో జనం ఎదురుచూసే పద్యాలు బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. శ్మశానం మీద జాషువా విడిగా రాసిన పద్యాల్ని నటులు తెచ్చి ఈ సీనులో కలిపారు, ఇప్పుడు అవి లేకపోతే జనం ఒప్పుకోరు. అంటరానివాడని తనని వెలివేసిన ఊళ్ళన్నిటిలోనూ ఆ కవి పద్యాల్ని రాజు వేషం కట్టినవాడు పాడతాడు, తెల్లవార్లూ వన్స్ మోర్ కొట్టించుకుంటాడు. మావాడు ఆ పద్యాలన్నీ ఉప్పు మడి గట్ల మీద పాడుకునేవాడు. స్టేజీ మీద వాడికి వాటితో పని లేదు.

ఒకసారి పర్లాకిమిడి అవతల ఒక ఊళ్ళో, కాటి సీను హరిశ్చంద్రుడు రాలేదు. రైలు తప్పిపోయిందో, ఇంకో ఊళ్ళో ఎక్కువ డబ్బులు ఒప్పుకున్నాడో. రెండున్నర అవుతోంది, జనం ఈలలు వేస్తున్నారు. వేరే దారి లేక మేస్టారు మావాడికి గొంగళి కప్పించి, చేతికి కర్ర ఇచ్చి పంపాడు. నేను చచ్చిపోయి పడుకుని ఉన్నాను కాబట్టి చూడలేదు, విన్నాను. మూడు వన్స్ మోర్లు. చంద్రమతమ్మ నా చెవిలో కాలు సంగతి చెప్పడం మర్చిపోయింది. తర్వాతి నెల ఆటకి మళ్ళీ మసి, మళ్ళీ కల్లు ముంత. ఎవరో అడిగితే మేస్టారు, గొంతు బాగుంది కానీ జనం ఒప్పుకోరురా అన్నాడు. జనం అప్పటికే మూడుసార్లు ఒప్పుకున్నారు.

సోలోన్ దగ్గరికి మళ్ళీ వస్తే, నాకు ఆయనతో పేచీ ఇక్కడ. ఆటలోది ఒప్పందాల్లోకి పాకిపోతుందని ఆయన భయం. మా దగ్గర ఆటలోది ఒక్క రాత్రి దాటి బయటికి పాకలేదు. ఆ రాత్రి తెర ముందు జరిగింది అబద్ధమా? పేటలో పుట్టినవాడు రాజుగా నిలబడ్డాడు, జనం చేతులెత్తి ఏడ్చారు, ఆ నాలుగు గజాల చెక్కల మీద అది పూర్తిగా నిజం. దిగగానే జరిగిందే వేషం, మేస్టారిది, సమాజానిది, ఒప్పుకోనట్టు నటించిన జనానిది. చెక్కల మీది నిజాన్ని కింద నేల మీద నిలబెట్టాల్సిన బాధ్యత ఎవరిది? నటుడిదా? అప్పటికే వాడి పని వాడు చేశాడు. చూసినవాళ్ళదని నా అనుమానం. చప్పట్లు కొట్టడం కూడా ఒక రకంగా మాట ఇవ్వడమే అనుకుంటే, మనం హరిశ్చంద్రుడి నాటకం చూసి వచ్చి ఇంటికెళ్ళేలోపు ఎన్ని మాటలు తప్పుతున్నామో.

ఈ మధ్య హైదరాబాదులో మా అక్క కూతుర్ని వారాంతపు థియేటర్ వర్క్‌షాపులో చేర్చారు. కాన్ఫిడెన్స్ వస్తుందట, బాడీ లాంగ్వేజ్ బాగుపడుతుందట, రేపు ఇంటర్వ్యూల్లో పనికొస్తుందట. రావచ్చు. నాకూ కొంత వచ్చింది. అయితే నాటకంలో పిల్లలకి ఏమొస్తుందనే అందరూ అడుగుతున్నారు. వాళ్ళు ఎవరికి గొంతు అరువిస్తున్నారు, ఆ గొంతుతో ఎవర్ని నవ్విస్తున్నారు, ఎవరి మీద నవ్విస్తున్నారు అని అడిగేవాళ్ళు తక్కువ. ఆ పిల్ల వేషం గురించి అడిగితే "నేను పనిమనిషిని మావయ్యా, ఫన్నీగా మాట్లాడాలి" అంది. ఎలా మాట్లాడుతుందో చేసి చూపించింది. ఎక్కడి యాసో చెప్పక్కర్లేదు. వాళ్ళ అమ్మ పుట్టింటి భాష అది, దానికి తెలీదు. మా అక్క వంటింట్లోంచి వింటోంది, బయటికి రాలేదు.

మావాడు ఇప్పుడు విశాఖలో క్రేను నడుపుతున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసుకుంటాం. ఈ వ్యాసం మొదలుపెట్టేముందు అడిగాను, ఆ రాత్రి హరిశ్చంద్రుడిగా నిలబడ్డప్పుడు ఎలా ఉండిందిరా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల ఏదో సైరను మోగుతోంది. తర్వాత "ఆ రేత్రి నానేసం ఎయ్యనేదురా. మిగతా రేత్రులే ఏసినాను" అన్నాడు. వెంటనే మాట మార్చి, ఊళ్ళో అమ్మవారి సంబరానికి ఈ ఏడు మళ్ళీ హరిశ్చంద్ర పెడుతున్నారని చెప్పాడు. మేస్టారి కొడుకు ఫోన్ చేసి రమ్మన్నాడట. సెలవు దొరికితే వెళ్తానన్నాడు. ఏ వేషమో ఇంకా చెప్పలేదట.